మిలిటరీ పోలీసు నుంచి సివిల్ పోలీసుకు: ఆ సర్వీసు ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ రాదు

గిద్దలూరు ప్రాంతం నుంచి ఒక తమ్ముడు అడిగాడు. కోర్ ఆఫ్ మిలిటరీ పోలీస్ (సీఎంపీ, సైన్యం లోపలి పోలీసు విభాగం)లో నాయక్‌గా ఉన్నాడట, సర్వీసు పద్నాలుగేళ్లు. "ఇన్నేళ్లు చేసింది పోలీసు పనే కదా అన్నా, బయటికి వస్తే నేరుగా ఎస్‌ఐగా తీసుకుంటారా? సర్వీసు కలుస్తుందా? ఇప్పుడే డిశ్చార్జి పెట్టి కోచింగ్‌లో చేరనా, ఆగనా? అక్కడ నాకు ఏది కష్టమవుతుంది? ఇంటి దగ్గర ఉండొచ్చా?" ఇవీ అతని ప్రశ్నలు.

తమ్ముడూ, నేను 1999లో చేరాను. పదహారేళ్లు ఎర్ర బెరే, తెల్ల బెల్టు, చేతికి ఎంపీ (మిలిటరీ పోలీస్) పట్టీతో గడిపి 2015లో హవల్దార్‌గా ఇంటికి వచ్చాను. 2016 నోటిఫికేషన్‌లో సివిల్ ఎస్‌ఐగా ఎంపికయ్యాను. అనంతపురం పోలీస్ ట్రైనింగ్ కాలేజీలో ఏడాది శిక్షణ అయ్యాక అప్పటి నుంచి స్టేషన్లలోనే ఉన్నాను. అందుకని రెండు వైపులా చూసినవాడిగా చెబుతున్నాను.

అన్నిటికంటే ముందు, డిశ్చార్జి పెట్టకు. జవాన్‌కు పెన్షన్ రావాలంటే పదిహేనేళ్ల సర్వీసు నిండాలి. పెన్షన్ హక్కు రాకముందే సొంత కోరిక మీద బయటికి వచ్చినవాడు ఎక్స్ సర్వీస్‌మన్ కింద లెక్కకు రాడు. అంటే పెన్షన్ పోతుంది, కోటా పోతుంది, దాంతోపాటు వయసు సడలింపు కూడా పోతుంది. నీకు ఇంకా ఏడాది ఉంది. ఆ ఒక్క ఏడాదికి తొందరపడి మూడూ పోగొట్టుకున్న కుర్రాళ్లను నేను చూశాను. వాళ్లలో ఒకడు ఇప్పుడు ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర రాత్రి డ్యూటీ చేస్తున్నాడు. బుర్ర ఉన్న మనిషి, మంచి రైడర్. అతను కనిపించిన ప్రతిసారీ నాకు మనసు కలుక్కుమంటుంది.

నేరుగా తీసుకుంటారా అన్నావు. తీసుకోరు. మిలిటరీ పోలీసు నుంచి సివిల్ పోలీసులోకి పక్క దారి ఏదీ లేదు. నువ్వు ఇన్‌ఫాంట్రీలో చేసినా, ఏఎస్‌సీ (సరఫరా విభాగం)లో చేసినా, సీఎంపీలో చేసినా రిక్రూట్‌మెంట్ బోర్డుకు ఒకటే, ఎక్స్ సర్వీస్‌మన్‌వి. సీనియారిటీ కలవదు. ట్రైనింగ్‌లో ఇరవై మూడేళ్ల కుర్రాడి పక్కన నిలబడి మొదటి రోజు నుంచి మొదలుపెట్టాలి. నా స్క్వాడ్‌లో నేనే పెద్దవాణ్ణి. దానికి సిగ్గుపడలేదు, నువ్వూ పడకు.

వయసు గురించి మాత్రం టెన్షన్ వద్దు. మన రాష్ట్రంలో ఎక్స్ సర్వీస్‌మన్‌కు వయసు లెక్కించేటప్పుడు సైన్యంలో చేసిన సర్వీసు కాలాన్ని, దానికి మరో మూడేళ్లు కలిపి తీసేస్తారు. నీకు ముప్పై ఆరేళ్లు, సర్వీసు పదిహేను అనుకో. ముప్పై ఆరులో పద్దెనిమిది పోతే పద్దెనిమిది. ఎస్‌ఐ వయోపరిమితిలో హాయిగా పడతావు. ప్రిలిమ్స్‌లో అర్హత మార్కులు కూడా మనకు తక్కువ. 2022 నోటిఫికేషన్‌లో ఓసీలకు 40 శాతం, బీసీలకు 35, ఎస్సీ ఎస్టీలతో పాటు ఎక్స్ సర్వీస్‌మెన్‌కు 30. పరుగులోనూ కాస్త ఎక్కువ సమయం ఇస్తారు. అయినా కోటా చిన్నది. అందులో కూర్చోవడానికి మార్కులు కావాలి. అర్థమెటిక్ దగ్గరే మనవాళ్లు ఎక్కువ మంది దెబ్బతింటారు. లాభనష్టాలు, కాలం పని, రైళ్లు, ఇవన్నీ పదో తరగతి తర్వాత ముట్టుకోని లెక్కలు. రోజూ గంటన్నర వాటికే పెట్టు.

ఎస్‌ఐ పోస్టుకు డిగ్రీ ఉండాలి. నీకు ఇంటరే ఉంటే ముందు ఆ సంగతి చూసుకో. పదిహేనేళ్ల సర్వీసు ఉన్న మెట్రిక్యులేట్‌ను కొన్ని కేంద్ర గ్రూప్ సీ పోస్టులకు గ్రాడ్యుయేట్‌తో సమానంగా చూస్తారు. ఆ మాట నమ్ముకుని రాష్ట్ర పోలీసు పోస్టుకు దరఖాస్తు పెట్టకు. నేను సర్వీసులో ఉండగానే ఇగ్నోలో బీఏ చేశాను. పరీక్షలకు లీవు దొరక్క రెండేళ్లు ఆలస్యమైంది. కానీ ఆ కాగితమే నన్ను కానిస్టేబుల్ వరస నుంచి ఎస్‌ఐ వరసలోకి తెచ్చింది. నోటిఫికేషన్ వచ్చినప్పుడు అందులో ఎక్స్ సర్వీస్‌మన్ అంటే ఎవరో ఇచ్చిన నిర్వచనాన్ని ప్రతి మాటా చదువు. ఆఖరి ఏడాదిలో ఉంటే యూనిట్ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఎప్పుడు అడగాలో మీ హెడ్ క్లర్క్‌తో ఇప్పుడే మాట్లాడి పెట్టుకో.

ఇక నువ్వు అడిగిన అసలు ప్రశ్న, ఏది కష్టమవుతుంది అన్నది. పరుగు కాదు, పరేడ్ కాదు, నిద్రలేని రాత్రులు కాదు. అవన్నీ మనకు అలవాటే. కష్టమయ్యేవి రెండు. మొదటిది, ఎవరి మీద ఏ అధికారంతో చెయ్యి వేస్తున్నామో కొత్తగా నేర్చుకోవడం. రెండోది తెలుగు రాయడం.

మిలిటరీ పోలీసు అధికారం ఎక్కడిది? ఆర్మీ యాక్ట్ 107వ సెక్షన్ ప్రొవోస్ట్ మార్షల్‌కు, అంటే మిలిటరీ పోలీసు పై అధికారికి, ఆయన కింద పనిచేసే మనకు ఇచ్చింది. అది ఆ చట్టం కిందికి వచ్చే మనుషుల మీదే. కంటోన్మెంట్ గేటు దగ్గర సిపాయిని ఆపి ఐ-కార్డు అడిగితే అతను అటెన్షన్‌లో నిలబడతాడు. ఎందుకంటే అతనికి ఒక నంబరు ఉంది, ఒక యూనిట్ ఉంది, పైన కమాండింగ్ ఆఫీసర్ ఉన్నాడు. మన రిపోర్టు ఆ సీఓ టేబుల్ మీదికి వెళ్తే ఆ తర్వాత కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీయో, సమ్మరీ ఆఫ్ ఎవిడెన్సో, సైన్యం లోపలి విచారణ ఏదైనా వాళ్లు చూసుకుంటారు. మన పని రిపోర్టుతో ముగుస్తుంది. సివిలియన్ ఎవరైనా దొరికితే స్థానిక పోలీసులకు అప్పగించి రసీదు తీసుకుని వస్తాం.

ఇప్పుడు ఆ స్థానిక పోలీసు నువ్వే. నీ ఎదురుగా ఉన్నవాడికి సీఓ లేడు. "ఎందుకు ఆపారు సార్?" అని అడుగుతాడు. అడిగే హక్కు అతనికి ఉంది, చెప్పాల్సిన బాధ్యత నీకు ఉంది. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి. ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. ఏడేళ్లలోపు శిక్ష పడే నేరమైతే చాలాసార్లు అరెస్టే అవసరం ఉండదు, నోటీసు ఇచ్చి పిలవాలి. 2014లో అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం గట్టిగా చెప్పింది. ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 35వ సెక్షన్‌లో ఆ నోటీసు ఉంది. ఇంకొకటి. పోలీసు దగ్గర ముద్దాయి ఒప్పుకున్నాడంటే కోర్టులో అది సాక్ష్యం కాదు. అతను చెప్పినదాని వల్ల ఏదైనా వస్తువు బయటపడితే, దానికి సంబంధించినంత మేరకే పనికొస్తుంది. యూనిట్‌లో మనిషి తప్పు ఒప్పుకుంటే సగం పని అయిపోయిందని మనకు అనిపిస్తుంది. స్టేషన్‌లో అక్కడి నుంచే అసలు పని మొదలవుతుంది.

నేను ప్రొబేషన్‌లో ఉన్నప్పుడు జరిగింది చెబుతాను. పొలం గట్టు తగాదాలో అన్నదమ్ములిద్దరు కొట్టుకుని, రెండు కుటుంబాలతో స్టేషన్‌కు వచ్చారు. పన్నెండు మంది ఒకేసారి మాట్లాడుతున్నారు. నేను గార్డ్ రూమ్‌లో మాట్లాడినట్టే గొంతు పెంచాను. వరసగా నిలబడండి, నేను ఎవరిని అడిగితే వాళ్లే మాట్లాడాలి అన్నాను. క్షణంలో అందరూ నోరు మూశారు. నేను గెలిచాననుకున్నాను. పెద్దన్న భార్య లేచి కొంగు సర్దుకుని బయటికి వెళ్లిపోయింది. సోమవారం ఎస్పీ గారి దగ్గర పిటిషన్ ఇచ్చింది, ఎస్‌ఐ మా మాట వినకుండానే కసిరాడని. ఆమె రాయించినది నిజం. నేను వినలేదు.

ఆ తర్వాత మా హెడ్ కానిస్టేబుల్ వాళ్లను మళ్లీ పిలిపించాడు. రిటైర్మెంట్‌కు రెండేళ్లున్న మనిషి. అందరినీ కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఈ ఏడు కంది ఎంత దిగింది అని అడిగాడు. అరగంటలో మొత్తం సంగతి బయటికి వచ్చింది. తండ్రి పోయాక సర్వే జరగలేదు, చిన్నవాడు ట్రాక్టర్‌తో గట్టు జరిపాడు, గొడవకు మూలం అదీ. హద్దుల సంగతి మనది కాదు, ఎమ్మార్వో ఆఫీసులో సర్వేకు అర్జీ పెట్టుకోండి అని చెప్పాడు. కొట్టుకున్న దెబ్బల మటుకు ఫిర్యాదు రాసుకున్నాడు. ఆయన గొంతు ఒక్కసారి కూడా లేవలేదు. ఆరు నెలలు నేను ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఏది మన పని, ఏది రెవెన్యూ పని, ఏది కోర్టు పని అన్నది నాకు ఆయన దగ్గరే తెలిసింది. నీకూ అలాంటి హెడ్ ఒకరు దొరుకుతాడు. హోదాలో నీ కంటే తక్కువని ఆయన్ని దూరం పెట్టకు. సుబేదార్ సాబ్‌కు ఎంత గౌరవం ఇచ్చావో ఆయనకూ అంతే ఇవ్వు.

ఇక తెలుగు. పదహారేళ్లు హిందీలో మాట్లాడాను, రిపోర్టులు ఇంగ్లిష్ ఫార్మాట్లలో నింపాను. మొదటిసారి నేరస్థలం పంచనామా రాయాల్సి వచ్చినప్పుడు చెయ్యి ఆడలేదు. తెల్లకాగితం ముందు పెట్టుకుని "తూర్పు వైపున" అన్నచోట ఆగిపోయాను. ఒత్తులు ఎక్కడ వేయాలో తడబడ్డాను. పంచనామాకు సాక్షులుగా పిలిచిన మధ్యవర్తులిద్దరూ నా వంకే చూస్తున్నారు. ఆ రోజు స్టేషన్‌లో రాతపని చూసే రైటర్ నాకు సాయం చేశాడు. ఆ రాత్రి నుంచి స్టేషన్‌లో మూసేసిన పాత కేసుల సీడీ (కేస్ డైరీ) ఫైళ్లు తీసి చదవడం మొదలుపెట్టాను. మంచి ఇన్‌స్పెక్టర్లు రాసిన కేస్ డైరీలు పాఠ్యపుస్తకాల కంటే ఎక్కువ నేర్పుతాయి. ఏది ముందు రాశారు, సాక్షి మాటను సాక్షి యాసలోనే ఎలా ఉంచారు, ఏ వస్తువును ఎలా వర్ణించారు అన్నీ అందులో ఉంటాయి. రోజుకు ఒక పేజీ చూసి రాశాను. ఎస్‌ఐ తుది పరీక్షలో తెలుగు పేపర్ అర్హత కోసమే కదా అని మనవాళ్లు తేలిగ్గా వదిలేస్తారు. ఉద్యోగంలో రోజూ రాయాల్సింది ఆ పేపరే.

తెలుగు కుదిరినా జాగ్రత్త కుదరకపోతే ఏమవుతుందో నా చేతులతోనే చూశాను. ఒక దొంగతనం కేసులో సొత్తు స్వాధీనం చేసుకున్న మధ్యవర్తుల నివేదికలో సమయం ఉదయం పదిన్నర అని రాశాను. స్టేషన్ జనరల్ డైరీ (జీడీ)లో నేను బయల్దేరిన సమయం పది యాభై అని ఉంది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో డిఫెన్స్ లాయర్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి ఒకే ప్రశ్న అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ముద్దాయి విడుదలయ్యాడు. నగలు పోగొట్టుకున్న ఆవిడ కోర్టు వరండాలో నన్నేమీ అనలేదు. నమస్కారం పెట్టి వెళ్లిపోయింది. ఆ నమస్కారం నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. అప్పటి నుంచి సంతకం పెట్టే ముందు జీడీ తెప్పించి సమయాలు సరిపోల్చకుండా ఏ కాగితమూ పంపలేదు. ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 105వ సెక్షన్ ప్రకారం సోదా, స్వాధీనం ఆడియో వీడియో రికార్డు చేయాలి. అది వచ్చాక ఇలాంటి తప్పు దాగదు. దాగకపోవడమే మంచిది.

ఇదంతా విని భయపడకు. మన దగ్గర ఉన్నవీ తక్కువేం కాదు. అన్నిటికంటే రోడ్డు పని. కాన్వాయ్ నడపడం, రూట్ మార్కింగ్, ప్రమాద స్థలం కొలవడం మనకు బెంగళూరు సీఎంపీ సెంటర్‌లో పెట్టిన భిక్ష. నా మొదటి ప్రాణనష్టం కేసు హైవే మీద. తెల్లవారుజామున లారీ, మోటారు సైకిల్ గుద్దుకున్నాయి. బైక్ మీద ఉన్నది పాలు పోసి ఇంటికి వెళ్తున్న కుర్రాడు. మేం వెళ్లేసరికి జనం లారీ అద్దాలు పగలగొడుతున్నారు, ట్రాఫిక్ రెండు వైపులా ఆగిపోయింది. ముందు శవాన్ని, స్థలాన్ని కాపాడి, ఒక వరసలో ట్రాఫిక్ వదిలి, ఇద్దరు హోంగార్డులతో టేపు పట్టించాను. కిలోమీటరు రాయిని ఒక స్థిర బిందువుగా, కరెంటు స్తంభాన్ని రెండోదిగా తీసుకుని టైరు జారిన గుర్తు ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో, అద్దం పెంకులు ఎక్కడ పడ్డాయో, పాల క్యాను ఎంత దూరం దొర్లిందో అన్నీ రెండు కొలతలతో రాశాను. ఫొటోలు వేరే. ఎండెక్కి ట్రాఫిక్ మొదలైతే అవేవీ మిగలవు.

తర్వాత లారీ వాళ్లు బైకే రాంగ్ సైడ్‌లో వచ్చిందన్నారు. స్కెచ్‌లో జారిన గుర్తులు రోడ్డు మధ్య గీత దాటి కుర్రాడి వైపున ఉన్నాయి. నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన నేరం అది, అప్పట్లో ఐపీసీ 304-ఏ, ఇప్పుడు ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్ 106. క్రిమినల్ కేసు ఒక ఎత్తు, మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్ ఒక ఎత్తు. ఆ కుటుంబానికి పరిహారం వచ్చేది ఎఫ్‌ఐఆర్, స్కెచ్, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు మీద ఆధారపడే. కుర్రాడి తల్లి ఆ స్కెచ్ నకలు కోసం స్టేషన్‌కు వచ్చినప్పుడు నాకు ఒక సంగతి అర్థమైంది. ఎంపీగా ఉన్నప్పుడు నేను గీసిన స్కెచ్‌లు ప్రభుత్వ వాహనం రిపేరు ఖర్చు ఎవరిదో తేల్చేవి. ఇక్కడ గీసింది ఒక ఇంటికి తిండి పెడుతుంది. ఆ పని నువ్వు చక్కగా చేస్తావు తమ్ముడూ, అందులో నాకు సందేహం లేదు.

ఇంకొకటి, మనిషిని వెతకడం. పారిపోయిన సిపాయి కోసం అప్రిహెన్షన్ రోల్ (అతన్ని పట్టుకోమని యూనిట్ ఇచ్చే కాగితం) పట్టుకుని ఊళ్లు తిరిగినవాడివి. ఇంటివాళ్లతో ఎలా మాట్లాడాలో, చుట్టం ఏ ఊళ్లో ఉన్నాడో ఎలా రాబట్టాలో నీకు తెలుసు. స్టేషన్‌లో నాన్ బెయిలబుల్ వారంట్లు పెండింగ్‌లో కుప్పలుగా ఉంటాయి. నాకు మొదట పేరు తెచ్చింది అవే. ఇప్పుడు యూనిట్ల నుంచి అప్రిహెన్షన్ రోల్స్ నా స్టేషన్‌కే వస్తుంటాయి. ఆ కుర్రాళ్ల ఇళ్లకు నేనే స్వయంగా వెళ్తాను, తిరిగి చేరితే శిక్ష తగ్గే అవకాశం ఉంటుందని తల్లిదండ్రులకు చెప్పి ఒప్పిస్తాను.

ఒక అలవాటు మాత్రం యూనిఫాంతో పాటే అక్కడ అప్పజెప్పి రా. క్వార్టర్ గార్డులో, అంటే యూనిట్ కాపలా గదిలో, తప్పతాగి గోల చేసినవాడికి రెండు తగిలించి మర్నాడు మర్చిపోవడం చాలామంది చూసిందే. స్టేషన్‌లో అది నేరం. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు ఇప్పటికీ ప్రతి స్టేషన్ గోడ మీదా ఉండాల్సినవే. అరెస్టు మెమో, బంధువుకు సమాచారం, వైద్య పరీక్ష. ఉద్యోగం పోతుందని చెప్పడం లేదు. నీ చేతిలో ఉన్న మనిషి నిస్సహాయుడు. అతని ఒంటి మీద చెయ్యి వేయడం తప్పు కనుక చెబుతున్నాను.

మిలిటరీ పోలీసులో ఉన్న మన ఆడపిల్లలు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి వాళ్లకో మాట. 2021 మేలో మొదటి బ్యాచ్ 83 మంది బెంగళూరు నుంచి బయటికి వచ్చారు. ఇప్పుడు వస్తున్నవాళ్లు అగ్నివీర్లు. నాలుగేళ్లకే బయటికి వచ్చే అగ్నివీర్‌కు పెన్షన్ ఉండదు, ఎక్స్ సర్వీస్‌మన్ హోదా ఉండదు. కాబట్టి పైన చెప్పిన వయసు లెక్క మీకు వర్తిస్తుందని అనుకోవద్దు. కేంద్ర బలగాల్లో అగ్నివీర్లకు వేరే రిజర్వేషన్ ఉంది, దాన్ని చూసుకోండి. డిగ్రీ మాత్రం ఆ నాలుగేళ్లలోనే మొదలుపెట్టండి. స్టేషన్లలో మహిళా ఎస్‌ఐల అవసరం చాలా ఉంది. అత్యాచారం లాంటి కేసుల్లో బాధితురాలి వాంగ్మూలం మహిళా అధికారే తీసుకోవాలి.

ఎస్‌ఐ ఒక్కటే లక్ష్యంగా పెట్టుకుని కూర్చోవద్దు. కానిస్టేబుల్‌కు, ఆర్‌పీఎఫ్‌కు, సీఐఎస్‌ఎఫ్‌కు కూడా రాయి. కానీ ఒకటి గుర్తుంచుకో. ఎక్స్ సర్వీస్‌మన్ కోటాలో ఒక ప్రభుత్వ ఉద్యోగంలో చేరాక ఆ కోటా మళ్లీ వాడుకోవడానికి చిక్కులుంటాయి. చేరే ముందే ఏయే ఉద్యోగాలకు దరఖాస్తు చేశావో తేదీలతో రాసి, ఆ వివరం కొత్త ఆఫీసులో ఇవ్వు. డిశ్చార్జి బుక్, పీపీఓ (పెన్షన్ ఉత్తర్వు), ఎక్స్ సర్వీస్‌మన్ గుర్తింపు కార్డు, కులధ్రువీకరణ, స్టడీ సర్టిఫికెట్లు ఒక ఫైల్‌లో పెట్టుకుని, వచ్చిన వారంలోనే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేయించుకో. ఆర్మీ పెన్షన్ ఆగదు, జీతం వేరే వస్తుంది. తెలంగాణలో ఉన్న సోదరులకు బోర్డు వేరు, నిబంధనలు వేరు, అక్కడి నోటిఫికేషన్ చదువుకోవాలి.

ఇంటి దగ్గర ఉండొచ్చా అన్నావు. నా అనుభవంలో సొంత మండలం దొరకదు, దొరక్కపోవడమే మేలు కూడా. పక్క జిల్లాలో ఉంటావు. రెండు గంటల్లో ఇంటికి వెళ్లగలవు, కానీ ఆ రెండు గంటలు దొరకవు. పదిహేనేళ్లు నీ కోసం ఎదురుచూసిన మీ ఆవిడకు ఈ సంగతి నోటిఫికేషన్ రాకముందే చెప్పు. పోస్టింగ్ వచ్చాక చెబితే బాధ పడుతుంది. ఆర్మీలో ఏడాదికి రెండు నెలలు పూర్తిగా ఇంటి దగ్గర ఉండేవాడివి. ఇక్కడ రోజూ రాత్రి పదకొండుకు వచ్చి పొద్దున ఆరుకు వెళ్తావు. పిల్లలు నిద్రలోనే నిన్ను చూస్తారు. జాతరకు బందోబస్తు, ఎన్నికలకు బందోబస్తు, వినాయక నిమజ్జనానికి బందోబస్తు. సంక్రాంతి మూడు రోజులూ కోడిపందేల దాడులతోనే సరిపోతుంది. మా ఇంట్లో కనుమ వెళ్లిన మర్నాడు పండగ చేసుకుంటాం. మా అమ్మ అరిసెలు ఆ రోజు కోసమే తీసి పెడుతుంది.